ఆరు రోజుల పథ్యం, ఏడో రోజు దావత్



దసరా దగ్గరికొచ్చిందంటే మన కోల్‌బెల్ట్‌లో రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి సింగరేణి కంపెనీ ప్రకటించే లాభాల వాటా. 2025లో అది 34 శాతం, 819 కోట్ల రూపాయలు. పర్మనెంట్ కార్మికుడికి సగటున లక్షా 95 వేల పైచిలుకు, కాంట్రాక్టు కార్మికుడికి 5,500. రెండో లెక్క క్వార్టర్ల ముందు నిలబడి వేసుకునేది. యాటను ఎంతమంది కలిసి తేవాలి, పోగుకు ఎంత పడుతుంది, బోటి ఎవరికి, తలకాయ ఎవరికి, బిడ్డా అల్లుడూ ఏ రోజు దిగుతారు. ఇప్పుడు వీటికి తోడు మూడో లెక్క వచ్చి పడింది, కాటా మీది కిలోల లెక్క. పొద్దున్నే గోదావరిఖని స్టేడియంలో చుట్లు కొట్టేవాళ్లలో సగం మంది ఆ లెక్క మీదే నడుస్తుంటారు. కంపెనీ చేసే వైద్య పరీక్ష, అదే పీఎంఈ, తేదీ దగ్గరపడ్డవాళ్లు ఇంకాస్త జోరుగా నడుస్తారు. వాళ్ల నోట తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది. ఆరు రోజులు నోరు కట్టుకున్నాం, ఏడో రోజు దావత్‌కు పోవచ్చా?

పోవచ్చు. రేడియో మధ్యలో కట్టేసి షిఫ్టుకు పోయేవాళ్లుంటారని జవాబు ముందే చెప్పేశాను. అయితే ఆ జవాబు వెనక కొంచెం లెక్క ఉంది. అది వింటే ఏ దావత్‌కు పోవచ్చో, ఏది మన ఆరు రోజుల కష్టాన్ని ఒక్క రాత్రిలో మింగేస్తుందో తెలుస్తుంది.

ముందు ఈ ఊరి తిండి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1960ల్లో ఇక్కడ బాయిలు తెరిచినప్పుడు కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన మనుషులకు దొరికిన పని తట్టా చెమ్మస్. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తాలి, తట్ట మోసుకుపోయి టబ్బు నింపాలి. కింద ఉక్క, పైనుంచి కారే నీళ్లు, గాలి ఆడని మూలలు. ఎనిమిది గంటలు అలా పనిచేసి పైకొచ్చిన మనిషికి పళ్లెం నిండా అన్నం పెట్టినా అది ఏ మూలకూ వచ్చేది కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క చూడండి. 65 కిలోల మగమనిషి బరువు పని చేస్తే రోజుకు 3,470 కేలరీలు కావాలి. అదే మనిషి కూర్చుని పనిచేస్తే 2,110 చాలు. తేడా 1,360. అంటే ఒకటికి రెండు పూటల భోజనం.

ఆ రెండు పూటల పనిని ఇప్పుడు యంత్రం చేస్తోంది. బాయి కింద ఎస్డీఎల్ యంత్రాలు బొగ్గు ఎత్తుతున్నాయి. బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టు నుంచే వస్తోంది. వంద టన్నుల డంపర్ నడిపే పిల్లవాడు చల్లటి క్యాబిన్‌లో కూర్చుని స్టీరింగ్ తిప్పుతాడు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగంలో చేరిన ఇంజనీరింగ్ కొడుకు కంప్యూటర్ ముందో, పంపు దగ్గరో కూర్చుంటాడు. పని సులువైందని నేను ఏడవడం లేదు. తట్ట మోసి మోసి నడుములు పోయినవాళ్లు, దగ్గి దగ్గి పోయినవాళ్లు ఈ కాలనీల్లో ఇంటికొకరు ఉన్నారు. కాకపోతే తట్ట పోయింది గానీ తట్టెడన్నం పోలేదు. అమ్మ నాన్నకు పెట్టిన కొలతలోనే కోడలు కొడుకుకు పెడుతోంది. తక్కువ పెడితే పట్టింపు లేదనుకుంటారని భయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్లలో 30 శాతం మంది, మగవాళ్లలో 32 శాతం మంది ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువ ఉన్నారని తేలింది. మనలాంటి ఒళ్లకు కిలోల కన్నా నడుము కొలత ముఖ్యం. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే షుగర్, బీపీ వచ్చే అవకాశం పెరుగుతుంది. టైలర్ దగ్గరున్న టేపు చాలు, ల్యాబుకు పోనక్కర లేదు. ప్యాంటు బొడ్డు కిందికి దించి కట్టుకుని ‘నా నడుము పెరగలేదు’ అనేవాళ్లు మాత్రం టేపు బొడ్డు మీదనే పెట్టి కొలుచుకోవాలి.

ఇక దావత్ సంగతికి వద్దాం. బరువు తగ్గాలనుకున్న మనిషి రోజుకు 400 కేలరీలు తగ్గించి తింటున్నాడనుకుందాం. ఇది మరీ కడుపు మాడ్చుకునే లెక్క కాదు. అన్నం ఒక గరిటె తక్కువ, నూనె కొంచెం తక్కువ, సాయంత్రం మిర్చిబజ్జీ లేదు, అంతే. ఆరు రోజులకు 2,400 కేలరీలు మిగిలాయి. శనివారం రాత్రి నెలాఖరు, పక్క క్వార్టర్‌లో రిటైర్మెంట్ దావత్.

డాబా మీద షామియానా. ముందు మందు. ఒక క్వార్టర్ సీసా, అంటే 180 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 425 కేలరీలు. స్టఫ్ లేకుండా మందు దిగదు కదా, ముచ్చట్లలో వంద గ్రాముల పల్లీలు ఎప్పుడు అయిపోయాయో తెలియదు, అవి 560. రెండు ముక్కల చికెన్ ఫ్రై 250. అప్పటికి రాత్రి పదిన్నర. అప్పుడు అసలు భోజనం. బగారన్నం అర కిలో, నూనె, నెయ్యితో కలిపి ఓ 850. మటన్ కూర 250 గ్రాములు, 500. చివర్లో డబుల్ కా మీఠా, 300. మొత్తం 2,900 దగ్గరికి వచ్చింది. ఇంట్లో ఉంటే ఆ రాత్రి 600 తినేవాడు. అదనం 2,300. ఆరు రోజుల్లో మిగుల్చుకున్న 2,400లో చేతికి మిగిలింది నూరు. కాటా కదలదు. ‘నేనేం తినకపోయినా బరువు తగ్గట్లేదు’ అనే మాట ఇక్కడే పుడుతుంది. మనిషి అబద్ధమాడడం లేదు, ఆరు రోజులు నిజంగానే తినలేదు.

ఇప్పుడు అదే షామియానా కింద ఇంకో పళ్లెం చూడండి. మందు లేదు, కాబట్టి స్టఫ్ లేదు. ఎనిమిదిన్నరకే వరుసలో నిలబడ్డాడు. బగారన్నం పెద్ద గరిటెతో రెండు, పావు కిలో దాకా, 425. మటన్ అంతే, 250 గ్రాములు, 500. ఉల్లిగడ్డ, నిమ్మకాయ, కొంచెం పెరుగు కలిపి 75. డబుల్ కా మీఠా సగం, 150. మొత్తం 1,150. ఇంటి భోజనం మీద అదనం 550. వారంలో ఇంకా 1,850 మిగిలే ఉన్నాయి. ఒంట్లో కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు అనుకుంటే, ఇది వారానికి 240 గ్రాములు. నెలకు కిలో దగ్గరికి వస్తుంది. దావత్ తిన్నాడు, మటన్ ఎక్కడా తగ్గించలేదు, తీపి కూడా వదల్లేదు, అయినా తగ్గుతున్నాడు.

అంకెలు అటో ఇటో ఉంటాయి. వంట చేసే చెయ్యిని బట్టి నూనె మారుతుంది. కానీ రెండు పళ్లేల మధ్య తేడా ఎక్కడ వచ్చిందో వినండి. మటన్‌లో రాలేదు. మందు, మందు వెంట పల్లీలు, ఆకలి మీరిపోయాక కుమ్మరించుకున్న అన్నం, తేడాలో ఎక్కువ భాగం ఆ మూడే. మన దగ్గర మనిషి మటన్‌ను నిందించి అన్నాన్ని ఏమీ అనడు. యాట పాపం రెండుసార్లు చస్తోంది.

మందు గురించి ఇంకొక్క మాట. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. ఆ రోజు వైన్ షాపులు బంద్. అయినా పండగ ఆగలేదు, ముందురోజే సీసాలు ఇళ్లకు చేరాయి. ఒక గ్రాము ఆల్కహాల్‌లో 7 కేలరీలుంటాయి. అన్నంలోని పిండి పదార్థానికి 4, నూనెకు 9. పైగా ఒంట్లో ఆల్కహాల్ ఉన్నంతసేపూ శరీరం ముందు దాన్ని కాల్చుకుంటుంది, తిన్న కొవ్వును పక్కన పెడుతుంది. కాబట్టి బరువు తగ్గేవాళ్ల దావత్‌లో దేన్ని వదలాలని అడిగితే నేను మొహమాటం లేకుండా మందే అంటాను.

సోమవారం పొద్దున కాటా ఎక్కడం ఇంకో తప్పు. శనివారం దావత్, ఆదివారం మిగిలిన కూర, సోమవారం కాటా కిలోన్నర పైకి చూపిస్తుంది. మనిషి గుండె జారిపోతుంది. కానీ ఒంట్లో కిలోన్నర కొవ్వు చేరాలంటే అవసరానికి మించి 11 వేల పైచిలుకు కేలరీలు తినాలి. అది ఎంత పెద్ద తిండిపోతుకూ ఒక్క రాత్రిలో సాధ్యం కాదు. మరి ఆ బరువేమిటి? ఎక్కువ భాగం నీళ్లు. తిన్న అన్నంలో కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిలవుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుంటుంది. దావత్ కూరల్లోని ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది. రోజుకు 5 గ్రాములు దాటొద్దని పోషకాహార సంస్థ చెప్పే ఉప్పు దావత్‌లో ఒక్క పూటకే దాటిపోతుంది. మామూలు తిండికి వస్తే మూడు నాలుగు రోజుల్లో ఆ నీళ్లు దిగిపోతాయి. కాబట్టి కాటా ఎక్కేది గురువారమో శుక్రవారమో పెట్టుకోండి, పొద్దున, ఏమీ తినకముందు, ప్రతి వారం అదే రోజు.

సోమవారం కాటాను చూసి భయపడ్డ మనిషి చేసే పనే అసలు ప్రమాదం. ‘ఎట్లాగూ చెడింది, ఈ వారం పోనీ’ అంటాడు. ఈ మాట మన ఊరిదే కాదు. 1975లో అమెరికాలో హెర్మన్, మాక్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. నోరు కట్టుకుని ఉండేవాళ్లకు ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. కడుపు నిండింది కాబట్టి తక్కువ తినాలి కదా? మిల్క్‌షేక్ తాగనివాళ్ల కన్నా ఎక్కువ తిన్నారు. పథ్యం ఒకసారి చెడిందని తెలియగానే కళ్లెం వదిలేశారు. మామూలు మనుషులు మాత్రం మిల్క్‌షేక్ తాగాక తక్కువే తిన్నారు.

సింగరేణి శ్రోతలకు దీన్ని మస్టర్ల లెక్కలో, అంటే హాజరు లెక్కలో చెబితే సులువుగా ఎక్కుతుంది. 1952 గనుల చట్టం సెలవుల కోసం పెట్టిన లెక్కలో భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఏడాదికి 190 మస్టర్లు, ఉపరితలంలో 240 ఉండేవి. చట్టం 365 అడగలేదు. ఒక నాగా పడ్డంత మాత్రాన ఎవరూ చీటీ చింపి ఇంటికి పోరు, మర్నాడు దీపం కట్టుకుని దిగుతారు. నాగా మీద నాగా పడితేనే మస్టర్లు నిండవు. పథ్యంలో దావత్ ఒక నాగా, దాని మర్నాటి పూట మస్టర్ పడిందా లేదా అన్నదే చూసుకోవాలి.

అసలు దావత్‌లే వద్దని కట్టడి చేసుకుంటే పోలేదా అంటారు కొందరు. చేసి చూసినవాళ్లున్నారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికా మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను 24 వారాలు అర్ధాకలితో ఉంచాడు. యుద్ధంలో ఆకలితో మాడినవాళ్లకు తిరిగి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి చేసిన పని అది. వాళ్లు బరువైతే తగ్గారు. కానీ వాళ్ల మనసు నిండా తిండే. వంటల పుస్తకాలు చదివారు, తిండి గురించే మాట్లాడుకున్నారు, పళ్లేలు నాకారు. కట్టడి ఎత్తేశాక కొందరికి ఎంత తిన్నా తనివి తీరలేదు. మన పథ్యం అంత కఠినం కాదు. అయినా ఏడాది పొడుగునా ఒక్క దావత్‌కూ పోనని ఒట్టు పెట్టుకున్న మనిషి కూడా ఆ దారిలోకే అడుగు పెడుతున్నాడు.

ఇంకో పక్క జిమ్‌కు పోయే కుర్రవాళ్లు వారానికి ఒక చీట్ మీల్ తింటే ఒంట్లో పొయ్యి రాజుకుంటుందని, మర్నాడు కొవ్వు ఎక్కువ కరుగుతుందని చెబుతున్నారు. బాగా తింటే లెప్టిన్ అనే హార్మోను కొంచెం పెరిగే మాట, ఒంటి ఖర్చు కొంచెం పెరిగే మాట నిజం. అది తాత్కాలికం, చిన్నది. తిన్న బగారన్నాన్ని కాల్చిపారేసేంత మంట అక్కడ లేదు. వాళ్లు తరచూ ముందుకు తెచ్చే పరిశోధన ఒకటి ఆస్ట్రేలియాలో జరిగింది, 2017లో వచ్చింది. ఊబకాయం ఉన్న 51 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు 16 వారాలు ఏకబిగిన తక్కువ తింది. రెండో జట్టు రెండు వారాలు తక్కువ తిని, రెండు వారాలు విరామం తీసుకుంటూ ఆ 16 వారాల పథ్యాన్నే పూర్తిచేసింది. ఏకబిగిన చేసినవాళ్లు సగటున 9 కిలోలు తగ్గితే, విరామం తీసుకున్నవాళ్లు 14 కిలోలు తగ్గారు. ఇది వినగానే మా కుర్రవాళ్లు బిర్యానీ హండీ కోసం ఫోన్ చేస్తారు. కాస్త ఆగాలి. ఆ విరామంలో వాళ్లు తిన్నది దావత్ కాదు. బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండేంత కొలిచిన మామూలు భోజనం. విరామం పనిచేసింది, విచ్చలవిడితనం పనిచేసిందని ఎవరూ చెప్పలేదు.

మరి కోత పెట్టాల్సింది ఎక్కడ? దావత్‌లో కాదు, రోజూ తినేదాంట్లో. చాయ్‌నే తీసుకుందాం. షిఫ్టుకు ముందొకటి, బాయి మీద క్యాంటీన్‌లో రెండు, చౌరస్తాలో దోస్తులతో ఒకటి, ఇంటికొచ్చాక రెండు. ఆరు చాయ్‌లు. ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర, పది గ్రాములు. రోజుకు 60 గ్రాముల చక్కెర, 240 కేలరీలు, పాల లెక్క వదిలేసినా. వారానికి 1,680. ఇందాక మనం చూసిన మందు లేని దావత్ అదనం 550 కదా. అంటే ఎవరూ పిలవకుండా, మటన్ ముక్క కూడా లేకుండా వారానికి మూడు దావత్‌లు చాయ్ గ్లాసులోనే అయిపోతున్నాయి. చక్కెర సగం చేసి, చాయ్‌లు మూడుకు దించుకున్న మనిషి నెలకు ఒక పెళ్లి, ఒక రిటైర్మెంట్ నిశ్చింతగా తినొచ్చు.

దావత్‌ల సంఖ్య కూడా చూసుకోవాలి మరి. మన దగ్గర సందర్భాలకు కరువు లేదు. నెలాఖరున రిటైర్మెంట్లు, డిపెండెంట్ ఉద్యోగం వచ్చిన పిల్లవాడి దావత్, బదిలీ వర్కర్ పర్మనెంట్ అయితే దావత్, కొత్త బండి, పుట్టువెంట్రుకలు, దశదినకర్మ, యూనియన్ ఎన్నికలు. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న కార్మికులు నలభై వేల దగ్గరికి వచ్చారు గానీ దావత్‌లు మాత్రం తగ్గలేదు. వారానికి ఒకటి దాటితే అది దావత్ అనిపించుకోదు, రోజువారీ తిండి కిందికే వస్తుంది. అన్నిటికీ పోవద్దనడం లేదు. పోయి, కూర్చుని, కవరు ఇచ్చి, మజ్జిగ తాగి వచ్చే పద్ధతి కూడా ఉంది. ఏది తినే దావత్, ఏది కలిసే దావత్ అన్నది నెల మొదట్లోనే ఇంటాయనా ఇంటావిడా కూర్చుని అనుకోవాలి.

మన దగ్గర తినకుండా లేవడం కన్నా వడ్డించేవాళ్లను ఆపడం కష్టం. ‘ఏందన్నా, గింతేనా? పానం మంచిగ లేదా?’ అని వదిన గరిటె ఎత్తుతుంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. డైటింగ్ చేస్తున్నానంటే పదిమంది సలహాలు చెబుతారు. నాకు తెలిసినవాళ్లలో ఒక పెద్దమనిషి దీనికి బాగా పనికొచ్చే మాట కనిపెట్టాడు. ‘బువ్వ వద్దు వదినా, రెండు ముక్కలు వెయ్యి’ అంటాడు. అడిగి వేయించుకున్నాడు కాబట్టి వదినకు సంతోషం, అన్నం ఆగింది కాబట్టి ఆయనకు సంతోషం. ముక్కలు వేసేచోట వదిన చెయ్యి కూడా దానంతట అదే చిన్నదవుతుంది, కిలో మటన్ ధర అందరికీ తెలిసిందే.

ఇంతసేపూ మగవాళ్ల పళ్లెం చుట్టూనే తిరిగాను. ఆడవాళ్ల సంగతి వేరు, కష్టం కూడా వేరు. 55 కిలోల ఆడమనిషి కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 1,660 కేలరీలు చాలంటుంది పోషకాహార సంస్థ. ఇంటెడు చాకిరీ కూర్చుని చేసే పని కాదనుకోండి. కానీ బావి నీళ్లు, రోలు, రోకలి పోయాక క్వార్టర్‌లో ఒళ్లు అలిసే పని తగ్గింది, మనసు అలిసే పని పెరిగింది. వాళ్లలో చాలామంది శనివారం ఒక్కపొద్దు ఉంటారు. పొద్దంతా చాయ్‌ల మీద గడిపి, రాత్రికి ఉప్మానో, పూరీలో కడుపు పట్టినంత. దావత్‌కు పోయినా చివరి పంక్తిలోనే కూర్చుంటారు, అప్పటికి ఆకలి ముదిరిపోయి ఉంటుంది. ఇంట్లో దావత్ అయితే ఇంకా కష్టం. వండుతూ రుచి చూడడం, పిల్లలు వదిలిన ముద్ద పారేయలేక నోట్లో వేసుకోవడం, గిన్నె అడుగున మిగిలింది ‘రేపటికి పాడైతది’ అని తినడం. ఇవేవీ ఆమె భోజనం లెక్కలోకి రావు. ‘నేను ఒక్క పూటే తింటా’ అని ఆమె చెప్పేదీ అబద్ధం కాదు.

బతుకమ్మ తొమ్మిది రోజులను చూడండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా రోజుకో నైవేద్యం. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు. మధ్యలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యమూ లేదు, ఆటా లేదు. చివరి రోజు సద్దులు. పెరుగు సద్ది, పులిహోర, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు. నది ఒడ్డున బతుకమ్మను వదిలాక ఒకరి చేతిలో ఒకరు పెట్టుకునేది ఎంత? ఒక్కో రకం పిడికెడు. గంటల తరబడి చప్పట్లు కొడుతూ తిరిగి ఆడిన ఒంటికి ఆ పిడికెళ్లు ఏమూలకూ రావు. బరువు పెంచేది ఒడ్డున పెట్టింది కాదు, ఇంట్లో బేసిన్లలో మిగిలింది. ఐదు రకాలు కిలో చొప్పున కలిపి రెండు రోజులు అదే తినడం. నలుగురు వదినా మరదళ్లు మాట్లాడుకుని తలొక రకం కలుపుకొస్తే సద్దులకు లోటు రాదు, మర్నాటికి మిగలదు.

షిఫ్టుల మాట చెప్పకుండా ఈ ఊళ్లో తిండి గురించి మాట్లాడడం కుదరదు. రాత్రిపూట ఒంటికి చక్కెరను సర్దుకునే శక్తి తగ్గుతుంది. మధ్యాహ్నం తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. సెకండ్ షిఫ్టు దిగి రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరి, వేడివేడిగా పళ్లెం నిండా తిని పడుకునేవాళ్లకు రోజూ అదే పరిస్థితి. ఆ వారం అసలు భోజనం షిఫ్టుకు ముందే, ఒంటిగంటకు కానిచ్చి, సద్ది గిన్నెలో జొన్నరొట్టో, శనగ గుడాలో తీసుకుపోయి, రాత్రి ఇంటికొచ్చాక మజ్జిగతో సరిపెట్టుకుంటే సగం పని అయినట్టే. నైట్ షిఫ్టు వారంలో దావత్ పిలుపొస్తే మధ్యాహ్నం పంక్తికి పోండి. రాత్రి దావత్‌లు ఫస్ట్ షిఫ్టు వారానికి ఉంచుకోండి. తిన్నాక పావుగంట నడవండి. మే నెలలో మాత్రం ఎండ తగలని చోటే ఆ నడక కానివ్వాలి. వేసవి వార్తల్లో అత్యధిక ఉష్ణోగ్రత అనగానే రామగుండం పేరు మీరు ఈ రేడియోలోనే వింటుంటారు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు రాత్రి దావత్ ఉందని పొద్దంతా కడుపు మాడ్చుకోకూడదు. ఇన్సులినో, మాత్రో పనిచేస్తూనే ఉంటుంది, తిండి ఉండదు, చక్కెర పడిపోతుంది. ఆ ఖాళీ కడుపు మీద మద్యం పోస్తే కాలేయం చక్కెరను విడుదల చేయడం కూడా తగ్గిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడడం మొదలవుతాయి. దావత్‌లో ఉన్నవాళ్లు తాగి ఒరిగాడనుకుని పడుకోబెడతారు. అదే డంపర్ క్యాబిన్‌లో జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. మాత్రల మోతాదు, దావత్ రోజు తిండి, రెండూ మీ డాక్టర్‌నే అడగండి. షుగర్ లేనివాళ్లు కూడా దావత్‌కు ఆకలి మీద పోవద్దు. ఒక ఉడికిన గుడ్డో, గుప్పెడు గుడాలో తిని పోతే మొదటి పళ్లెం దానంతట అదే తగ్గుతుంది.

చివరగా దసరా. అమెరికాలో పండగ రోజుల బరువు మీద 2000లో ఒక అధ్యయనం వచ్చింది. నవంబరు చివరి నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడివాళ్లు పెరిగింది సగటున 370 గ్రాములే. జనం అంతకన్నా చాలా ఎక్కువ పెరిగామనుకుంటారు గానీ అంత లేదు. తర్వాత ఏడాదంతా చూసినా ఆ కొంచెం దిగలేదన్నది మాత్రం ఆలోచించాల్సిన సంగతి. మన దగ్గర కూడా దసరా పూట తిన్నది ఒక్క పూటే. జమ్మి పెట్టుకుని, పెద్దల కాళ్లు మొక్కి, పదిమందితో కూర్చుని తినే మటన్ గురించి నేనేం అడ్డం చెప్పను. ఫ్రిజ్‌లో డబ్బాల్లో కూర్చున్న మటన్ గురించే నా బాధంతా. రోజుల తరబడి వేడి చేసుకుంటూ, దాని కోసమని మళ్లీ అన్నం ఎక్కువ వండుకుంటూ సాగుతుంది అది. పోగు రెండు కిలోలు తీసుకునేచోట కిలోన్నర తీసుకోండి. కూర దిగగానే, ఇంట్లోవాళ్లు కూర్చోకముందే, పండగ పూట కూడా డ్యూటీలో ఉన్న పక్కింటాయన టిఫిన్ డబ్బా నింపి పంపించండి. ఆయన మస్టర్ కోసం పోయాడు, రాత్రికి గానీ రాడు.